పద్నాలుగో గదిలో పట్టుపురుగుల పాఠం

పెన్నావాహిని జూనియర్ కాలేజీలో డాక్టరు కావాలనుకునే పిల్లలు రెండో ఏడాదిలో అడుగు పెట్టగానే, మామూలు పాఠాలతోపాటు ఇంకో సైన్సు సబ్జెక్టును తమ ఇష్టప్రకారం ఎంచుకోవాలి. కాలేజీ భాషలో దాన్ని ఎలెక్టివ్ అంటారు. జీవరసాయనం, సూక్ష్మజీవులు, పోషకాహారం, కంప్యూటరు, పట్టుపరిశ్రమ, ఈ ఐదింట్లో ఒకటి. ఏది తీసుకుంటే ఏం లాభమో చెప్పే రంగుల పుస్తకం ఒకటి అచ్చువేసి పంచేవారు. పిల్లలు ఆ పుస్తకాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుని సీనియర్ల దగ్గరికి పోయి అసలు సంగతి కనుక్కునేవారు. సీనియర్లందరిదీ ఒకటే మాట. కళ్ళు మూసుకుని పట్టుపరిశ్రమ తీసుకోమనేవారు.

ఆ పట్టుపరిశ్రమ లెక్చరరు అశ్వత్థప్ప. యాభై రెండేళ్ళ మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించి ఎరగడు, పిల్లల్ని పాఠంతో కూడా నొప్పించి ఎరగడు. పదహారేళ్ళ కిందట ఏదో పథకం కింద కాలేజీకి ఒక రేకుల షెడ్డూ, నాలుగు తట్టల పట్టుపురుగులూ, అశ్వత్థప్పా మంజూరయ్యారు. మొదటి వేసవి ఎండకు పురుగులు పోయాయి. మరుసటేడు గాలివానకు షెడ్డు మీది రేకులు పోయాయి. అశ్వత్థప్ప మిగిలాడు. ఆయన్ని పద్నాలుగో నంబరు గదిలోకి మార్చి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పాఠం చెప్పుకోమన్నారు.

కొన్నాళ్ళు చెప్పాడు కూడా. ఒకరోజు ఒక పిల్లవాడు లేచి, రేపు ఫిజిక్సు పరీక్ష ఉంది, ఈ ఒక్కరోజుకూ మమ్మల్ని చదువుకోనివ్వండి సార్ అని అడిగాడు. అశ్వత్థప్ప సరేనన్నాడు. ఆ ఒక్కరోజు పద్నాలుగేళ్ళు సాగింది. రెండింటికి హాజరు పిలిచేవాడు, తలుపు దగ్గరగా వేసేవాడు, కుర్చీలో కూర్చునేవాడు. పిల్లలు నాలుగింటి దాకా ఫిజిక్సో కెమిస్ట్రీయో చదువుకునేవారు.

ఆ రెండు గంటలూ ఆయన ఊరికే కూర్చునేవాడని అనుకుంటే తప్పు. కాలేజీలో ప్రతి లెక్చరరూ ఆరోజు ఏం చెప్పాడో బోధనా డైరీలో రాసి తీరాలి. పాఠం చెప్పేవాళ్ళకు రాసే తీరిక ఉండదు. అశ్వత్థప్పకు ఉండేది. 'ఈరోజు పాఠం: మల్బరీ తోటకు నీరు పెట్టు విధానం. చర్చ, ప్రశ్నోత్తరాలు, పునశ్చరణ' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ప్రతి శనివారం ప్రిన్సిపల్ దాని కింద 'చాలా బాగుంది' అని సంతకం పెట్టేవారు. అయినా, ఇన్నేళ్ళ ఉద్యోగంలో తాను ఎవరికీ అక్కరకు రాలేదనే దిగులు అశ్వత్థప్పకు లోపల ఉండనే ఉండేది.

ఈ ఏడాది ఆ గదిలో ముందు వరసలో కూర్చున్న పిల్ల గౌసియా. తండ్రి బాబ్‌జాన్ పట్టుగూళ్ళను ఉడుకునీళ్ళలో వేసి దారం తీస్తాడు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో దారం తీసే యంత్రం, వెనక గదిలో ఆరుగురు మనుషులు. యంత్రం పొద్దున్నే మొదలైతే పొద్దుగూకే దాకా ఆగదు. ఆ చప్పుడులో పుస్తకం తెరిస్తే అక్షరాలు కూడా గిరగిరా తిరుగుతాయని ఆ పిల్ల ఒకసారి అశ్వత్థప్పతో నవ్వుతూ చెప్పింది. డాక్టరు కావాలని ఆమె కోరిక. కాలేజీవాళ్ళు పెట్టిన మొదటి మాదిరి పరీక్షలో ఏడువందల ఇరవైకి ఆరువందల పన్నెండు తెచ్చుకుంది. పట్టుపురుగుల సంగతులు ఆమెకు అశ్వత్థప్ప కంటే చాలా బాగా తెలుసు. అయినా పట్టుపరిశ్రమే తీసుకుంది. రోజు మొత్తం మీద ఆమెకు నిశ్శబ్దం దొరికేది ఆ రెండు గంటలే.

ఆగస్టులో చిక్కొచ్చిపడింది. పక్క ఊరి కాలేజీకి మెడికల్ సీట్లు ఎక్కువ వచ్చాయి. అలా ఎందుకు జరిగిందో శాస్త్రీయంగా తేల్చమని యాజమాన్యం బెంగళూరు నుంచి కౌండిన్య అనే కుర్రవాణ్ణి పిలిపించింది. అతని హోదా విద్యాఫలితాల విశ్లేషకుడు. అతను పిల్లలతో గానీ లెక్చరర్లతో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే మనుషుల అభిప్రాయాలు కలిసి లెక్క కల్తీ అయిపోతుందట. పాత రిజిస్టర్లన్నీ తెప్పించుకుని, నాలుగు రోజులు ఏసీ గదిలో కూర్చుని, ఐదోరోజున అందరినీ సెమినార్ హాలుకు పిలిచి తెర మీద ఒక బొమ్మ చూపించాడు.

పద్నాలుగేళ్ళలో ఈ కాలేజీ నుంచి ముప్పై ఒక్కమందికి మెడికల్ సీట్లు వచ్చాయి. అందులో కంప్యూటరు తీసుకున్నవాళ్ళు ముగ్గురు. పోషకాహారం తీసుకున్నది ఒక్కరు. మిగిలిన ఇరవై ఏడుగురూ పట్టుపరిశ్రమ. జీవరసాయనం మేడమ్ పిల్లలను రాచి రంపాన పెట్టి పాఠం చెప్పే మనిషి, ఆవిడ సబ్జెక్టు ఎదుట సున్నా ఉంది. కౌండిన్య ఆ సున్నా మీద ఎర్రటి వెలుగు చుక్క నిలిపాడు. మేడమ్ తల వంచుకుంది.

ప్రిన్సిపల్ వజ్రవేలుగారు లేచారు. మామూలు సంగతిని మామూలుగా చెప్పడం ఆయనకు చేతకాదు. "అశ్వత్థప్పగారూ, వైద్యవిద్యా ప్రవేశానికీ పట్టుపురుగుల పెంపకానికీ మధ్యగల ఈ అవినాభావ సంబంధాన్ని మీరు ఏ బోధనా సూత్రంతో సాధించారో సభకు విశదపరచవలసిందిగా కోరుతున్నాను" అన్నారు.

అశ్వత్థప్ప లేచి నిలబడ్డాడు. "నేనేం చెప్పలేదు సార్" అన్నాడు.

ఆ వినయం చూశారా అని ప్రిన్సిపల్ చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే హాలంతా కొట్టింది. శాలువా కప్పారు, దండ వేశారు, ఫోటో తీశారు. నిజం అప్పుడే గట్టిగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. పద్నాలుగేళ్ళలో ఆయన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. అబద్ధమని తెలిసినా ఆ మెప్పు ఆ సాయంత్రం ఆయనకు తియ్యగా ఉంది. ఆ శాలువాతోనే బస్సెక్కి ఇంటికి పోయాడు.

మరునాడు సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వైద్యవిద్యను ఆశించు విద్యార్థినీ విద్యార్థులు రెండువందల పదిమందియు తమ సంపూర్ణ స్వేచ్ఛతో పట్టుపరిశ్రమను ఎంచుకొనవలెను.' స్వేచ్ఛకు సంబంధించిన వ్యవహారం కాబట్టి, అందరూ 'నా ఇష్టపూర్వకంగా' అని అచ్చువేసిన కాగితం మీద సంతకం పెట్టాలి. ఇష్టం లేనివాళ్ళకు ఇష్టం పుట్టించే కౌన్సెలింగు ప్రతి బుధవారం ఉంటుంది. ఒకసారి ఆ కౌన్సెలింగుకు పోయినవాళ్ళు రెండోసారి పోవలసిన పని లేకుండా సంతకం పెట్టి వచ్చారు.

సర్క్యులర్ వెనక లెక్క కూడా ఉంది. రోజుకు రెండు గంటల పట్టుపరిశ్రమకు ఇరవై ఏడు సీట్లు వస్తే, ఆరు గంటలకు ఎనభై ఒకటి. ఇదివరకు గదికి ముప్పై మంది, ఇప్పుడు దానికి ఏడింతలు, అంటే అయిదువందల అరవై ఏడు సీట్లు. పద్నాలుగేళ్ళన్న మాట ఈ గుణకారంలో ఎక్కడో జారిపోయింది. పిల్లలు రెండువందల పదిమందే కదా, మిగతా సీట్లు ఎవరికి అని లెక్కల లెక్చరరు అడిగితే, ప్రిన్సిపల్ ఆయన్ని జాలిగా చూసి, అది ప్రణాళికా దశలో ఆలోచించవలసిన విషయం కాదన్నారు.

నెల తిరిగేసరికి కొత్త షెడ్లు లేచాయి. పిల్లలు పొద్దున ఆరింటికి వచ్చి మల్బరీ ఆకు కోయాలి. ఎనిమిదింటికి మొదటి మేత, ఆ తర్వాత తట్టలు శుభ్రం చేయడం, పన్నెండింటికి రెండో మేత, నాలుగింటికి మూడో మేత. మేతకూ మేతకూ మధ్య 'పట్టుపురుగు: వ్యక్తిత్వం, వికాసం' అన్న అంశం మీద ఉపన్యాసం. ఒక్కొక్కరికి ఇరవై పురుగులు, ఒక్కొక్క పురుగుకూ ఒక ప్రగతి పత్రం. అందులో బరువు, పొడవు, నడవడి రాసి తల్లిదండ్రుల చేత సంతకం చేయించాలి. ఫిజిక్సు పాఠం ఇరవై నిమిషాలకు కుదించారు. కెమిస్ట్రీని ఆదివారానికి జరిపారు. ఎలాగూ డాక్టర్లు కాబోతున్నారు కాబట్టి తెల్లకోట్లు వేసుకుని మేత వేయాలన్నారు.

తల్లిదండ్రుల సంబరం చెప్పనలవి కాదు. తెల్లకోట్లలో తట్టల ముందు నిలబడిన పిల్లల ఫోటోలు ఇంటింటికీ చేరాయి. ఒక తండ్రి వచ్చి, మావాడు ఫిజిక్సులో కాస్త వెనకబడ్డాడు, వాడికి ఇంకో రెండు తట్టలు ఎక్కువ ఇప్పించండి అని ప్రిన్సిపల్‌ను బతిమాలాడు. చుట్టుపక్కల కాలేజీలు కూడా పురుగులు తెచ్చుకున్నాయి. తాలూకాలో మల్బరీ ఆకు దొరకడం మానేసింది. నిజంగా పట్టుపురుగులు పెంచుకునే రైతులు కాలేజీ గేటు దగ్గర నిలబడి, పిల్లలు పారేసిన ఆకేమన్నా ఉందా అని వాచ్‌మన్‌ను అడిగారు. పక్కవీధి కాన్వెంటులో ఎల్‌కేజీ పిల్లలకు ఒక్కొక్కరికి మూడేసి పురుగులు అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చి, వైద్యవిద్యకు పునాది కోర్సు అని బోర్డు కట్టారు.

అశ్వత్థప్పకు ఇప్పుడు నిజంగా పాఠం చెప్పవలసిన గతి పట్టింది. బస్సులో పుస్తకం తెరిచి పదహారేళ్ళ పిల్లవాడిలా బట్టీ పట్టేవాడు. మొదటి వారంలోనే ఏదో పొరపాటు చేసి రెండు తట్టల పురుగులు చంపుకోబోయాడు. గౌసియా అడ్డం వచ్చి, మీరు పక్కన నిలబడండి సార్, నేను చూసుకుంటా అంది. ఆకు ఎంత సన్నగా తరగాలో, తేమ ఎప్పుడు ఎంత ఉండాలో, గూడు కట్టే పురుగును ఎలా గుర్తుపట్టాలో అందరికీ ఆమే నేర్పింది. పురుగులు చక్కగా బలిశాయి. ప్రిన్సిపల్ సంతోషించి ఆమెకు 'ప్రధాన పురుగు నాయకురాలు' అని బిళ్ళ ఇచ్చారు. ఆ బిళ్ళతోపాటు మిగతా రెండువందల తొమ్మిదిమంది పురుగుల బాధ్యత కూడా ఇచ్చారు.

నవంబరులో ఒక మధ్యాహ్నం, మేత అయ్యాక, గౌసియా షెడ్డులో అశ్వత్థప్ప దగ్గరికి వచ్చి మాదిరి పరీక్షల మార్కుల చీటీలు మూడు చేతిలో పెట్టింది. ఆరువందల పన్నెండు. ఐదువందల నలభై. నాలుగువందల ముప్పై ఒకటి. ఆయన మూడూ చూసి, తిప్పి, మళ్ళీ చూశాడు.

"నాకు పురుగులంటే కోపం లేదు సార్" అంది గౌసియా. "మా ఇల్లు నడిచేదే వాటిమీద. కానీ పురుగు పొర విడిచేముందు ఒకరోజు మేత మాని కదలకుండా కూచుంటాది చూడండి. అప్పుడు దాన్ని తాకకూడదు, ఆకు వేయకూడదు. వేస్తే చస్తాది. పురుగుకే ఊరికే ఉండే టైము కావల్ల సార్. మాకు యాడుంది?"

అశ్వత్థప్ప చీటీలు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఈ ఏడాది పోతే మళ్ళీ రాసుకోవచ్చులే అని నెమ్మదిగా అన్నాడు.

"మళ్ళీ ఏడాదికి నన్ను చదవనీరు సార్. మా నాయన చేతులు పుండ్లు పడినాయి, నేను యంత్రం దగ్గర కూచోవల్ల. ఈ ఒక్కసారే నాకు." ఆ పిల్ల చీటీలు కోటు జేబులో పెట్టుకుంది. "సార్, మీరు పోయి నిజం చెప్పండి. మీరు మాకేం చెప్పలేదు, అందుకే సీట్లు వచ్చినాయని చెప్పండి."

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఆయనకు కోపం వచ్చేది. ఆ పిల్ల అంటే సిగ్గేసింది. శాలువా కప్పించుకున్న నాటి నుంచి తాను దొంగలా తిరుగుతున్నట్టు ఆయనకే తెలుసు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల చదువు పోతుంది. ఇంటికి పోయి భార్య నాగరత్నకు చెబితే, ఆవిడ చిక్కుళ్ళు వలుస్తూ, ఇన్నేళ్ళూ ఏమీ చెప్పనందుకు జీతమిచ్చారు, ఒకరోజు నిజం చెప్పినందుకు తీసేస్తే తీసేయనీ అంది. మరునాడు ఆయన రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చాడు.

దాని మీద విచారణ సంఘం కూర్చుంది. సంఘమంటే ప్రిన్సిపల్, కౌండిన్య, యాజమాన్యం తరఫున ఇద్దరు పెద్దమనుషులు. సాక్షిగా గౌసియాను గోడ పక్కన నిలబెట్టారు. 'గత పద్నాలుగు సంవత్సరములలో నేను పట్టుపరిశ్రమ పాఠము చెప్పియుండలేదు' అన్న వాక్యాన్ని ప్రిన్సిపల్ గట్టిగా చదివి, ఒక తోపుడుబండి తెప్పించారు. దాని నిండా పద్నాలుగు బోధనా డైరీలు ఉన్నాయి.

"చెప్పలేదని మీరంటున్నారు, చెప్పానని మీరే వ్రాశారు. ఒకవైపు పద్నాలుగేళ్ళ సంతకాలు, మరొకవైపు ఒక్కనాటి సంతకం. సంస్థ దేనిని విశ్వసించాలి?" అన్నారు.

తర్వాత ఒక పూర్వ విద్యార్థికి ఫోను చేశారు. అతను ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు. అశ్వత్థప్ప సార్ క్లాసు లేకపోతే తనకు సీటే వచ్చేది కాదని అతను కృతజ్ఞతతో చెప్పాడు. ఆయన ఏం చెప్పేవారని అడిగితే గుర్తు లేదన్నాడు. పోనీ పట్టుపురుగు ఎట్లా ఉంటుందని అడిగితే, నల్లగా రెక్కలతో ఉంటుందనుకుంటా అన్నాడు. కౌండిన్య తన కంప్యూటర్‌లో, జ్ఞానం పూర్తిగా లోలోపలికి ఇంకిపోయింది అని రాసుకున్నాడు.

అశ్వత్థప్ప గోడ పక్కన నిలబడిన పిల్ల ముఖం చూశాడు. "అయ్యా, ఆ డైరీలు ఎవరైనా చదవండి" అన్నాడు. "పైన తేదీ, కింద సంతకం కాదు, మధ్యలో ఉన్నది చదవండి."

అంతమంది ఎదుట కాదనలేక ప్రిన్సిపల్ ఆరో డైరీ తెరిచారు. పాపం, ఐదేళ్ళకే అశ్వత్థప్ప దగ్గర రాయడానికి పాఠాలు అయిపోయాయి. 'ఈరోజు పాఠం: నిన్నటి సాంబారులో ఉప్పు ఎక్కువ. చర్చ, ప్రశ్నోత్తరాలు, పునశ్చరణ.' దాని కింద, 'చాలా బాగుంది. వజ్రవేలు.' పేజీ తిప్పారు. 'ఈరోజు పాఠం: నాగరత్న తమ్ముడి పెళ్ళికి పోవాలా, వద్దా.' దాని కింద, 'చాలా బాగుంది. వజ్రవేలు.' తొమ్మిదో డైరీలో, 'ఈరోజు పాఠం: చివరి వరసలో పిల్లవాడు నిద్రపోయాడు. లేపలేదు.' దాని కింద ఆ వారం ఇంకాస్త ఉత్సాహంగా, 'చాలా బాగుంది. కొనసాగించగలరు. వజ్రవేలు.'

 పెద్దమనుషులిద్దరూ అశ్వత్థప్పను చూడడం మాని ప్రిన్సిపల్‌ను చూడసాగారు. ప్రిన్సిపల్ నీళ్ళు తాగారు. డైరీ మూశారు. మళ్ళీ తెరిచి తన సంతకాన్ని తానే తేరిపార చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా ఆయన ముఖంలోకి వెలుగు వచ్చింది.

"ఈ సంతకాలు పొరపాటున చేసినవి కావు" అన్నారు. "బోధించకపోవడమే అత్యున్నత బోధన అన్న సత్యాన్ని నేను పద్నాలుగేళ్ళ కిందటే గుర్తించి, ప్రోత్సహించి, దస్తావేజు చేస్తూ వచ్చాను. నేటికి అది గణాంకాలతో సహా రుజువయింది."

కౌండిన్య వెంటనే కంప్యూటర్ తెరిచి, బొమ్మలో 'పట్టుపరిశ్రమ' అన్న చోట 'బోధన లేమి' అని మార్చాడు. గీతలు ఏవీ మారలేదు. లెక్క సరిగ్గా సరిపోయిందన్నాడు.

వారం తిరిగేసరికి పురుగులను రైతులకు ఇచ్చేశారు. షెడ్లకు తాళం పడింది. పట్టుపరిశ్రమ పాఠం చెప్పలేదని సొంత నోటితో ఒప్పుకున్నందుకు అశ్వత్థప్పను ఆ పదవి నుంచి తొలగించారు. తొలగించి, కొత్తగా నెలకొల్పిన శాస్త్రీయ అబోధన శాఖకు అధిపతిని చేశారు.

అంతటితో పిల్లలకు తీరిక దొరికిందనుకుంటే కాలేజీ సంగతి తెలియనట్టే. ఊరికే పాఠం మానేస్తే అది సోమరితనం అవుతుంది, శాస్త్రం కాదు. కాబట్టి ప్రతి లెక్చరరూ రేపు ఏ పాఠం చెప్పబోవడం లేదో ముందురోజే ప్రణాళిక ఇవ్వాలి. చెప్పకపోవడం అయ్యాక, అనుకున్నదంతా చెప్పకుండా పూర్తిచేశారా, లేక పొరపాటున కొంత చెప్పేశారా అన్నదానికి నివేదిక ఇవ్వాలి. ఒక పిల్లవాడు సందేహం అడిగితే జీవరసాయనం మేడమ్ అలవాటు కొద్దీ సమాధానం చెప్పింది. మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెనని ఆవిడకు నోటీసు వచ్చింది. ఆవిడ ఆ నోటీసు పట్టుకుని స్టాఫ్ రూములో కళ్ళు తుడుచుకుంది. అశ్వత్థప్పకు ఆవిడ ముఖం చూడాలంటే ప్రాణం చచ్చిపోయింది.

పిల్లలు ఈ ఖాళీ సమయాన్ని దుర్వినియోగం చేయకుండా, దాన్ని ఎలా వాడుకోవాలో రోజూ నాలుగు గంటల ఉపన్యాసం పెట్టారు. ఉపన్యాసం అయ్యాక, ఈరోజు ఏమి నేర్చుకోలేదు, ఎంత బాగా నేర్చుకోలేదు అన్నదాని మీద మూడు పేజీల ఫారం నింపాలి. గౌసియా ఫారం నింపుతూ నింపుతూ తల ఎత్తి అశ్వత్థప్పను చూసింది. మళ్ళీ ఫారం మీదికి వంగింది. ఆ చూపు ఆయనకు కష్టంగా తోచింది. నిజం చెప్పాడు, నోరంతా విప్పి చెప్పాడు, అయినా ఆ పిల్లకు ఒక్క నిమిషం కూడా సంపాదించి పెట్టలేకపోయాడు.

డిసెంబరు మొదట్లో ప్రిన్సిపల్ పిలిచి, శాఖాధిపతి హోదాలో ఒక నమూనా తరగతి నిర్వహించాలన్నారు. అబోధన అంటే ఏమిటో తామంతా ముందు వరసలో కూర్చుని చూస్తామన్నారు. అశ్వత్థప్ప ఒక క్షణం ఆలోచించి, పాఠం పద్నాలుగో నంబరు గదిలోనే పెట్టాలి, గదికి ముప్పై మంది కంటే వద్దు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుతుంది అన్నాడు. ఈ విద్యకు అవే కట్టుబాట్లన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. ప్రిన్సిపల్ ఒప్పుకున్నారు.

ఆరోజు ముందు వరసలో ప్రిన్సిపల్, కౌండిన్య, పెద్దమనుషులిద్దరూ ఇరవై రెండు గడుల తనిఖీ పత్రాలు పట్టుకుని కూర్చున్నారు. వెనక ముప్పై మంది పిల్లలు. సరిగ్గా రెండింటికి అశ్వత్థప్ప వచ్చాడు. హాజరు పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు. కుర్చీలో కూర్చుని, "చదువుకోండమ్మా" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికంటే ముందు గౌసియా ఫిజిక్సు పుస్తకం తీసింది. ఆమెను చూసి మిగతావాళ్ళు తీశారు. పది నిమిషాలకు ప్రిన్సిపల్ తనిఖీ పత్రం మీద కలం పెట్టి, ఏం రాయాలో తెలియక తీసేశారు. అరగంటకు ఆయన గొంతు సవరించుకుని లేచి, ఈ సందర్భంగా రెండు మాటలు అని మొదలుపెట్టారు.

"సార్, పాఠం జరుగుతోంది" అన్నాడు అశ్వత్థప్ప.

ప్రిన్సిపల్ కూర్చున్నారు. గంట గడిచేసరికి కౌండిన్య కంప్యూటర్ మీదే కునుకు తీశాడు. గదిలో పేజీ తిప్పిన చప్పుడూ, కాగితం మీద పెన్ను నడిచే చప్పుడూ తప్ప ఇంకేమీ లేవు. గౌసియా ఒక లెక్క చేసి, కొట్టేసి, మళ్ళీ చేసింది. ఆమెను చూస్తుంటే అశ్వత్థప్పకు కళ్ళు చెమర్చాయి. తాను పద్నాలుగేళ్ళుగా ఈ గదిలో చేసినది ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. అది పాఠం కాదు, కానీ పనికిమాలిన పనీ కాదు. ఈ రెండు గంటలూ ఎవరూ వచ్చి పాడు చేయకుండా కాపలా కాశాడు. ఇప్పుడూ అదే చేస్తున్నాడు. అందుకు ఆయనకు సిగ్గేయలేదు.

నాలుగింటికి బెల్లు కొట్టారు. పెద్దమనుషులు ఒళ్ళు విరుచుకుని లేచారు. తమ జీవితంలో రెండు గంటలు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ కూర్చోలేదని వాళ్ళలో ఒకాయన అన్నాడు. ప్రిన్సిపల్‌కు అది అమోఘమైన ప్రదర్శనగా తోచింది. రేపటి నుంచి ఉపన్యాసాలూ ఫారాలూ ఎప్పటిలా కొనసాగిద్దామా అని అడిగారు.

"మధ్యలో ఎవరు ఏం మాట్లాడినా, ఏ కాగితం ఇచ్చినా ఈ పాఠం మళ్ళీ మొదటికొస్తుంది సార్" అన్నాడు అశ్వత్థప్ప.

ప్రిన్సిపల్ ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నారు. ఉపన్యాసాలు రద్దు, ఫారాలు రద్దు అని దాని కిందే రాశారు. అబోధన మొత్తం శాఖాధిపతిగారి కట్టుబాట్ల ప్రకారం ఆ రెండు గంటల్లోనే జరగాలనీ, మిగతా వేళల్లో ఎప్పటిలా పాఠాలు చెప్పుకోవచ్చుననీ, జీవరసాయనం మేడమ్‌కు ఇచ్చిన నోటీసు వాపసు అనీ రాశారు. చివరికి కలం పట్టుకుని, ఇంతకీ ఈ పాఠం పూర్తికావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు.

"మెడికల్ పరీక్ష దాకా పడుతుంది సార్. రోజూ జరగాల."

"కానివ్వండి" అన్నారు ప్రిన్సిపల్. 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టారు.

వాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ బయటికి నడిచారు. పిల్లలు కూడా సంచులు సర్దుకున్నారు. బెల్లు కొట్టి అప్పటికే పది నిమిషాలు దాటింది. గౌసియా ఇంకా తల ఎత్తలేదు. అశ్వత్థప్ప ఆమెను పిలవలేదు. వెళ్ళేవాళ్ళ చప్పుడు లోపలికి రాకుండా లేచి వెళ్ళి తలుపు వేశాడు.